రానివాళ్ళ వాటా

గుడివాడలో మాంసం కొట్టు ముందు నిలబడ్డాను. జాలీ వెనకాల టర్కీ కోడి ఒకటి గుడగుడమని అరిచింది. ఆ అరుపు వింటే చాలు, నాగాయలంకలో మా ప్రహరీ అవతల ఉన్న రాఘవయ్య మావయ్య దొడ్డి గుర్తొస్తుంది. "ఎంతమందికండీ?" అన్నాడు కొట్టతను. ఆదివారం మా ఇంట్లో చుట్టాల భోజనం. పాతికమందికి అనబోయి ఆగిపోయాను. బందరులో ఉన్న మా చెల్లెలు సుజాత వాళ్ళ నలుగురినీ కలపాలా, వద్దా? అమ్మ సంవత్సరీకం నాడు మాటా మాటా అనుకున్నాక మా ఇద్దరికీ మాటల్లేవు.

మావయ్య మాకు చుట్టమేం కాదు, పక్కింటాయన. వరి చేను, రొయ్యల చెరువు, దొడ్డి నిండా టర్కీ కోళ్ళు. మా వీధిలో ఎవరింట్లో నలుగురు భోంచేయాలన్నా, ఎన్ని కోళ్ళు కోయాలో ఆయన్నే అడిగేవాళ్ళు. చదువైపోయి నేను ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో, ఆ లెక్క నాకూ నేర్పాడు. "కోడి ఒడ్డూపొడుగూ చూసి మురిసిపోకే అమ్మాయ్! ఈకలు పోగా, పేగులు పోగా, బొమికలు పోగా మిగిలేదే ముక్క," అనేవాడు. నాట్లేసి వచ్చినవాళ్ళకి దండిగా ఉండాలి, పట్నం చుట్టాలు గిల్లుకుని లేస్తారు. పిల్లల్ని సగం లెక్కేస్తే మాత్రం కసిరేవాడు. "పిల్లాడు సగమే తింటాడని నీకెవరు చెప్పారు? వాళ్ళమ్మ విస్తట్లోది కూడా వాడే లాగిస్తాడు!"

తన ఇంట్లో భోజనాలైతే, అంతా తేలాక ఇంకో కోడిని చూపించి, "అది కూడా" అనేవాడు. ఎవరికని ఒకసారి అడిగాను.

"సాంబడికి."

సాంబయ్యగారు ఆయన సొంత తమ్ముడు. వీధి చివరే ఇల్లు. పంపకాలప్పుడు చెరువు గట్టు దగ్గర పట్టింపులొచ్చి, అన్నదమ్ములు ఒకరి గుమ్మం ఒకరు తొక్కడం మానేశారు.

"ఆయన వస్తారా మావయ్యా?"

"రాడు."

"అసలు పిలిచారా?"

"నేనెందుకు పిలుస్తానే? పెద్దవాణ్ణి. అన్న ఇల్లెక్కడో వాడికి తెలీదా?"

ఆఖరి పంక్తి లేచేదాకా ఆ కోడి వండిన గిన్నె మూత తియ్యనిచ్చేవాడు కాదు. గుమ్మం వైపు చూస్తూ కూర్చునేవాడు. చివరికి "ఎవరికైనా పెట్టెయ్యండి" అని, తను సరిగ్గా తినకుండానే లేచిపోయేవాడు. అంత ఉక్రోషం, అంత ప్రేమ ఒకే మనిషిలో ఎలా పట్టాయో నాకు అర్థమయ్యేది కాదు.

ఒకనాడు పొద్దున్నే చెరువులో మేత చల్లుతూ కూలిపోయాడు. కబురందుకుని నేను గుడివాడ నుంచి వెళ్ళేసరికి, సాంబయ్యగారు అన్న కాళ్ళ దగ్గర కూర్చుని ఉన్నారు. మంచికి పిలిస్తేనే వెళ్ళాలి, చెడ్డకి పిలవకపోయినా వెళ్ళాలి అంటారు మా వైపు. ఆయన ఆ గుమ్మం తొక్కడానికి ఆ చెడ్డే కావలసొచ్చింది.

పెద్దకర్మ నాడు భోజనాల లెక్క నన్నే వేయమంది అత్తయ్య. మావయ్య పెంచిన కోళ్ళే. అలవాటు కొద్దీ ఆ చివరి కోడినీ చూపించాను. ఆఖరి పంక్తిలో సాంబయ్యగారు కూర్చుంటే నేనే వడ్డించాను. "ఇది మీ వాటా అండీ. ఎప్పుడు వండించినా మావయ్య మీకోసం ఉంచేవాడు," అన్నాను. ఆయన ముద్ద కలిపారు. అది నోటిదాకా వెళ్ళలేదు.

"ఒక్కసారి 'రారా' అంటే పరిగెత్తుకొచ్చేవాణ్ణి కదమ్మా!" అన్నారు.

చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ రోజు కూడా ఆ వాటా మిగిలిపోయింది.

మావయ్యంటే నాకు ప్రాణం, కానీ ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఊరందరి ఆకలీ తెలిసిన మనిషికి నోరు తెరిచి తమ్ముణ్ణి పిలవడం చేతకాలేదు.

"చెప్పండమ్మా, ఎంతమందికి?" కొట్టతను మళ్ళీ అడిగాడు. ఒక్క నిమిషం ఆగమని పక్కకొచ్చి సుజాతకి ఫోన్ చేశాను. ఎత్తింది.

"ఆదివారం భోజనానికి రండే. పిలుస్తున్నాను," అన్నాను.

సుజాత విని ఫోన్ పెట్టేసింది. వస్తుందో రాదో తెలీదు. కళ్ళు తుడుచుకుని వెనక్కొచ్చి, వాళ్ళ నలుగురినీ కలిపే చెప్పాను.