ఘాట్ ఎక్కాల్సిన ఏడాది

నందిని సున్నపురాయి గనుల వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక చిన్న మిట్ట ఉంది. లారీలకి అది మిట్టని కూడా తెలియదు, సైకిల్ తొక్కేవాళ్ళ కాళ్ళకే తెలుస్తుంది. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పొద్దున్న, ఆ మిట్ట సగంలో నేను సైకిల్ దిగిపోయాను. అంతకు ముందు వారం దిగకుండా ఎక్కినదాన్ని. ఆ రోజు కాళ్ళు నొప్పి పెట్టలేదు. ఊపిరి చాలలేదు. ఎంత గట్టిగా పీల్చినా గాలి పైపైనే తిరిగి బయటికి వచ్చేస్తున్నట్టుంది. తర్వాత దగ్గు మొదలైంది. హ్యాండిల్ పట్టుకుని వంగి నిలబడి చాలాసేపు దగ్గాను.

ముందు వెళ్ళిపోయిన అన్నయ్య వెనక్కి తిరిగొచ్చాడు.

"ఏటే చిన్నీ, చైన్ పడిపోయిందా?"

"లేదు. దగ్గు."

"సున్నం దుమ్ము. నోటితో పీల్చొద్దని చెప్పేను కదా."

నిజమే, రోడ్డు పక్క పొదలన్నీ సున్నపురాయి దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి. నమ్మకపోవడానికి నాకే కారణమూ కనిపించలేదు.

మేం ఆ రోడ్డు మీద ఊరికే తిరగడం లేదు. ఆ చలికాలం మైకల్ కొండల్లోకి సైకిళ్ళ మీద వెళ్ళాలని అన్నయ్య, అతని స్నేహితుడు జోసెఫ్ అనుకున్నారు. కవర్ధా దాకా చదును రోడ్డు, అక్కడి నుంచి చిల్పీ ఘాట్ అనే కొండదారి ఎక్కడం, ఆ పైన సాల్ అడవిలో మట్టి దారులు పట్టుకుని అమర్‌కంటక్ చేరడం. కొన్ని రోజుల పాటు ఊళ్ళు లేని చోట తిరగాలి. అన్నయ్య ఉక్కు ప్లాంటులో అప్రెంటిస్. జోసెఫ్‌ది చరోదా రైల్వే కాలనీ. వాళ్ళ తాతగారు విజయనగరం నుంచి రైల్వే పనికి వచ్చి అక్కడే ఉండిపోయారు. మా ముగ్గురిలో గేరు సైకిల్ ఉన్నది అతనొక్కడికే. నా మామూలు సైకిల్‌కి వెనక పెద్ద ఫ్రీవీల్ వేయించింది కూడా అతనే, కొండ ఎక్కేటప్పుడు పెడల్ తేలికవుతుందని.

దారి తయారుచేయడం నా పని. నేను మనుషులతో మాట్లాడలేను కాని పుస్తకాలతో ఎంతసేపైనా ఉండగలను. లైబ్రరీలో పాత గెజిటీర్లు, అడవి శాఖ మ్యాపులు చూసి ఎక్కడ నీళ్ళుంటాయో, ఎక్కడ రెస్ట్‌హౌస్ ఉందో, ఎక్కడ చీకటి పడకముందే ఆగాలో రాసుకొచ్చేదాన్ని. సెక్టర్ 6లో మా క్వార్టర్ ముందు గదిలో మ్యాపు పరిచి ముగ్గురం కూర్చునేవాళ్ళం. జోసెఫ్ ఎదురుగా ఉన్నా నేను అన్నయ్యనే చూసి, "అన్నయ్యా, ఘాట్ మీద బ్రేకులు పనిచేస్తాయేమో ఆయన్ని అడుగు" అనేదాన్ని.

జోసెఫ్ నవ్వేవాడు. "మేడమ్ గారు నాతో మాట్లాడాలంటే ఫైలు త్రూ ప్రాపర్ ఛానల్ రావాల. అరె యార్, ఫార్వర్డ్ చెయ్యి."

నాకు నవ్వొచ్చేది, కాని తల ఎత్తేదాన్ని కాదు. ఆ ఘాట్ నా కాళ్ళతో నేను ఎక్కాలి అన్నది మాత్రం లోపల గట్టిగా ఉండేది. అంతవరకు నా బతుకులో నాకోసం నేను అడిగింది అదొక్కటే. అమ్మ ఒప్పుకోవడానికి నెల పట్టింది. జోసెఫ్ వాళ్ళ అక్క కూడా జీపులో సామాన్లతో వెనకే వస్తుందన్నాకే ఒప్పుకుంది.

దగ్గు తగ్గలేదు. నాన్న అదే ప్లాంటులో, ఇనుపరాయి పొడిని కాల్చి గడ్డలు చేసే సింటర్ ప్లాంటులో పనిచేస్తారు. అక్కడ దుమ్ములో పనిచేసేవాళ్ళు షిఫ్టు దిగాక బెల్లం ముక్క నోట్లో వేసుకుంటారు. గొంతులో దుమ్ము కడుపులోకి దిగిపోతుందని వాళ్ళ నమ్మకం. మా వీధిలో ఎవరు దగ్గినా మొదట అడిగేది బెల్లం తిన్నావా అనే. నాన్న రోజూ తన డబ్బాలోంచి ఒక ముక్క నాకు పెట్టేవారు.

"తినీ అమ్మా. ఇరవయ్యేళ్ళ నుంచి నా ఊపిరి కాసింది ఇదే."

నేను తినేదాన్ని. తీపి నోట్లో కరుగుతున్నంతసేపు దగ్గు ఆగేది. దాంతో మందు పనిచేస్తోందనుకునేవాళ్ళం. సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేది. ఎండలో తొక్కాను కదా అనుకున్నాం. జాకెట్లు వదులయ్యాయి, సైకిల్ తొక్కితే సన్నబడరా మరి! ప్రతిదానికీ మా దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది.

ఒకసారి డిస్పెన్సరీకి వెళ్ళాం. డాక్టరు గారు నన్ను చూసి ఎన్నాళ్ళ నుంచి అని అడిగారు. నేను నోరు విప్పేలోగా అమ్మ అందుకుని, రెండు నాలుగు రోజులేనని, సైకిల్ మీద తిరిగి నందిని దుమ్ము తిన్నానని చెప్పేసింది. "దో చార్ దిన్ సే సాబ్. సైకిల్ చలాతీ హై, నందినీ కా ధూల్ ఖాయా." ఆయన సిరప్ రాశారు. వారంలో తగ్గకపోతే మళ్ళీ రమ్మన్నారు. మేం వెళ్ళలేదు. సిరప్ ఉంది, బెల్లం ఉంది, కొండల ప్రయాణం దగ్గరపడుతోంది.

దసరా ముందు ఒక సాయంత్రం మ్యాపు చుట్టూ కూర్చున్నాం. చిల్పీ దాటాక మొదటి రాత్రి ఎక్కడ ఆగాలి అని అన్నయ్య, జోసెఫ్ వాదించుకుంటున్నారు. నాకు దగ్గు వచ్చింది. చేతిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీసి మడత పెట్టబోతుంటే జోసెఫ్ మాట ఆపేసి ఆ గుడ్డ వైపు చూశాడు. దాని మీద సన్నటి ఎర్రటి గీత ఉంది.

అతను అన్నయ్యని అడగలేదు. నన్నే అడిగాడు. "రాత్రి చెమట పడుతుందా? తలగడ తడిసిపోయేలాగ?"

"పడుతుంది," అన్నాను. అతనితో నేను నేరుగా మాట్లాడిన మొదటి మాట అదే.

"ఎన్నాళ్ళయింది?"

"వానల నుంచి."

జోసెఫ్ మ్యాపు చుట్టేసి అన్నయ్య వైపు తిరిగాడు. "రవీ, ఇది దుమ్ము కాదురా. మా పిన్నికి ఇలగే మొదలయింది. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు."

వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "ఏటి బాబూ ఆ మాట? పెళ్ళి కావలసిన గుంట. నోరు మంచిదవాల."

"నోటిదేటుందండి అత్తా. ఎక్స్‌రే తీయించండి. నా మాట తప్పయితే నన్ను చెప్పుతో కొట్టండి."

అతని మాట తప్పు కాలేదు. చెస్ట్ ఓపీడీలో డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుగుకి ఎత్తి పట్టుకుని, కుడివైపు పైభాగంలో కాయిన్ అంత గుండ్రటి నీడని పెన్నుతో చూపించారు. "రైట్ అప్పర్ లోబ్ కేవిటీ." అంటే ఊపిరితిత్తిలో అక్కడ గుంట పడింది. మూడు పొద్దులు కఫం ఇచ్చాను. స్పుటమ్ ఏఎఫ్‌బీ పాజిటివ్ అని, అంటే కఫంలో క్రిములున్నాయని వచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద "కాక్స్" అని రాస్తుంటే అమ్మ అదేంటని అడిగింది.

"టీబీ, అమ్మా. మందు ఉంది, నయమవుతుంది. మధ్యలో మానేస్తేనే భయం."

ఇంట్లో వాళ్ళందరికీ ఎక్స్‌రే తీశారు. తన రిపోర్టు వచ్చేదాకా నాన్న అన్నం సరిగ్గా తినలేదు. తన దగ్గు నుంచే నాకొచ్చిందేమోనని. ఆయనది క్లియర్. అది విన్నాక కూడా ఆయన ముఖం తేటపడలేదు. ఆ రోజు నుంచి ఆయన డబ్బాలోంచి బెల్లం నాకు ఎప్పుడూ పెట్టలేదు.

అమ్మ వీధిలో అందరికీ నెమ్ము చేసిందని చెప్పింది. నా కంచం, గ్లాసు వేరుగా పెట్టింది. జోసెఫ్ మీద కోపం పెంచుకుంది. నిజం చెప్పినవాడి మీద ఎందుకంత కోపమో అప్పుడు నాకు అర్థం కాలేదు. "ఆ సైకిలు, ఆ కొండలు, ఆ అబ్బాయి! మా ఇంటి మీద దిష్టి," అనేది. అతను రావడం మానేశాడు. అన్నయ్య నా మంచం దగ్గర కూర్చుని, "వచ్చే చలికాలం వెళ్దాంలేవే. కొండలెక్కడికి పోతాయి?" అన్నాడు.

రిఫాంపిసిన్, ఐఎన్‌హెచ్, ఎథాంబుటాల్, పైరజినమైడ్. పొద్దున్నే పరగడుపున గుప్పెడు. మూత్రం నారింజ రంగులో వచ్చేది. అది మందు రంగే, భయపడొద్దని ముందే చెప్పారు. కొన్ని వారాల్లో జ్వరం పోయింది, ఆకలి వేసింది. మంచం మీద పడుకునే, మ్యాపులో మా దారి మళ్ళీ వేయడం మొదలుపెట్టాను. ఈసారి ఘాట్ మీద ఎక్కువ చోట్ల ఆగేలా, ఒక రోజు కలిపి. రోజూ డైరీ రాసేదాన్ని, చేతిరాత కూడా కుదుటపడుతూ వచ్చింది. చలి తగ్గేసరికి కోలుకుంటానని రాసుకున్నాను.

చలి తగ్గకముందే వాంతులు మొదలయ్యాయి. అన్నం చూస్తే కడుపులో తిప్పేది. వేడి మందులు కదా, మజ్జిగ తాగమంది అమ్మ. మళ్ళీ ఒక కారణం! మూత్రం ఎప్పటికన్నా ముదురు రంగు అయితే, అదీ మందు రంగే అనుకున్నాను. ఒక పొద్దున్న అన్నయ్య డ్యూటీకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. "చిన్నీ, వెలుగులోకి రా. అమ్మా, దీని కళ్ళు చూడు. పసుపు రాసినట్టున్నాయి."

డ్రగ్ ఇండ్యూస్డ్ హెపటైటిస్, మందుల వల్లే లివర్ దెబ్బతిని వచ్చిన కామెర్లు. ఎస్‌జీపీటీ అనే లివర్ పరీక్షలో ఎంత పెరిగిందో డాక్టరమ్మ అంకె చెప్పలేదు, పెదవి విరిచారు. "ఆల్ డ్రగ్స్ స్టాప్." వార్డులో చేర్చారు. నాకు అన్నిటికన్నా కష్టమైనది ఆ రోజులే. లివర్ బాగుపడే దాకా మందు ఇవ్వకూడదు. మందు ఇవ్వకపోతే ఊపిరితిత్తిలో ఉన్నది ఊరుకోదు. రెండు జబ్బుల మధ్య నేను చేతులు ముడుచుకుని పడుకున్నాను. పక్క మంచం మీద ముసలామె దుర్గ్ దగ్గర పల్లె నుంచి వచ్చింది. ఒక పొద్దున్న ఆమె మంచం ఖాళీగా ఉంది, దుప్పటి మార్చేశారు. 

తర్వాత ఒక్కొక్క మందు, కొంచెం కొంచెంగా, ప్రతి మెట్టులో రక్తపరీక్ష చేస్తూ మళ్ళీ మొదలుపెట్టారు. పైరజినమైడ్ ఇక ఇవ్వలేదు. అందుకని మొత్తం చికిత్స పొడుగయింది. మరుసటి వానాకాలం అయ్యాక గాని మందులు ఆపలేదు.

ఆఖరి ఎక్స్‌రేలో కేవిటీ మూసుకుపోయింది. దాని చోట మచ్చ గట్టిపడింది. గొట్టంలోకి ఊదించి స్పైరోమెట్రీ చేశారు. నేను ముందే అనుకున్న ప్రశ్న ఒకటి ఉంది. చాలాసార్లు లోపల చెప్పుకుని చూసుకున్న ప్రశ్న. అది నేనే అడిగాను.

"డాక్టర్, చిల్పీ ఘాట్ సైకిల్ మీద ఎక్కొచ్చా?"

ఆవిడ నవ్వలేదు. "ఫైబ్రోసిస్ ఉంది. ఆ భాగం ఇక పనిచేయదు. చదును రోడ్డు మీద ఎంతైనా తొక్కు. ఘాట్ వద్దు."

"నెమ్మదిగా ఎక్కితే? ఆగి ఆగి?"

"నువ్వు ఆగుతావు. నీ ఊపిరి ఆగాక ఆగుతావు. వద్దు బేటా."

ఇంటికొచ్చి అన్నయ్యతో మీరిద్దరూ వెళ్ళండి అన్నాను. అతను ఒప్పుకోలేదు. రెండు రోజులు పోట్లాడి ఒప్పించాను. వెళ్ళకపోతే నా జబ్బు ముగ్గురికీ వచ్చినట్టవుతుందన్నాను. నా దారినే ఇద్దరికి సరిపోయేలా దిద్ది ఇచ్చాను. రోజుకి ఎక్కువ దూరం పెట్టాను, వాళ్ళకి ఊపిరుంది కదా.

వాళ్ళు ఘాట్ ఎక్కే రోజున అమ్మ తెల్లారే లేచి పులిహోర కలిపి క్యారేజీలో సర్దింది. "పద," అంది నాతో. "బస్సుకి ఊపిరి అక్కర్లేదు." 

కవర్ధా దాటాక బస్సు మూలుగుతూ ఘాట్ ఎక్కింది. నేను కిటికీ పక్కన కూర్చుని మలుపులు చూస్తున్నాను. మ్యాపులో వెంట్రుక మందాన ఉన్న మలుపులు. ఒక మలుపులో వాళ్ళు కనిపించారు. అన్నయ్య దిగి తోస్తున్నాడు. జోసెఫ్ పెడళ్ళ మీద నిలబడి తొక్కుతున్నాడు, చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అమ్మ నా మీదుగా కిటికీలోంచి బుర్ర బయటపెట్టి కేక వేసింది.

"ఒరే రవీ! తిన్నావేటిరా?"

బస్సంతా నవ్వింది. అన్నయ్య చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు. చేతులు ఒడిలో గట్టిగా పట్టుకున్నాను.

చిల్పీలో టీ కొట్టు దగ్గర వాళ్ళ కోసం చాలాసేపు చూశాం. వచ్చి రొప్పుతూ కూర్చున్నారు. అమ్మ జోసెఫ్‌కి ముందు వడ్డించింది. "తిను బాబూ," అంది. అతను తల వంచుకుని తిన్నాడు. తిన్నాక తన గేరు సైకిల్ నా వైపు తోశాడు. "ఇక్కడంతా చదునే. ఆ మైలురాయి దాకా తొక్కి చూడు."

తొక్కాను. గాలి చల్లగా ఉంది, రెండు పక్కలా సాల్ చెట్లు. ఊపిరి సరిపోయింది. వెనక్కి వచ్చి సైకిల్ ఇచ్చేశాను. బాగుంది అన్నాను. బాగానే ఉంది కూడా. కాని నేను అడిగింది అది కాదు. వాళ్ళు అడవి దారిలోకి తిరిగి కనుమరుగయ్యాక, నేనూ అమ్మా తిరుగు బస్సెక్కాం. ఘాట్ దిగేటప్పుడు నేను కిటికీ వైపు కూర్చోలేదు.

ఇప్పుడు నెహ్రూ నగర్‌లో ఒక చిన్న బడిలో పాఠాలు చెప్తున్నాను. చలికాలం వస్తే దగ్గు వస్తుంది, ఏటా ఎక్స్‌రే తీయించుకుంటాను. ఆ మధ్య నన్ను పెళ్ళిచూపులకి వచ్చి చూసినవాళ్ళకి అమ్మ నెమ్ము చేసిందని చెప్తుంటే, కాదు టీబీ వచ్చి తగ్గిందని నేనే చెప్పాను. వాళ్ళు కాఫీ తాగి వెళ్ళిపోయారు. మళ్ళీ కబురు లేదు. ఆ రాత్రి అమ్మ ఏడ్చింది గాని నన్ను తిట్టలేదు. అన్నయ్య, జోసెఫ్ ఇంకో కొండ ప్రయాణం అంటున్నారు. దారి వేయమని నన్నే అడిగారు. ఇంకా మొదలుపెట్టలేదు. పెడతాననుకుంటాను.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు ముందు కూర్చున్నప్పుడు దుమ్ము అనో, ఎండ అనో, వేడి చేసిందనో మీ కారణం చెప్పకండి. ఏం అవుతోందో, ఎన్నాళ్ళ నుంచి అవుతోందో మాత్రం చెప్పండి. మీ తరఫున ఇంకొకరు చెప్తుంటే, ఎంత సిగ్గయినా సరే, వాళ్ళని ఆపి మీరే చెప్పండి.