సాయంత్రం మేత, షుగర్ బిళ్ళ

నేను ఏడో తరగతితో బడి మానేశాను. బడి కూడా పెద్దగా బాధపడినట్టు లేదు. ఆ తర్వాత నాకు లెక్కలు నేర్పింది కృత్తివెన్ను దగ్గర ఉన్న మా రెండు రొయ్యల చెరువులే. అందుకే నాకు బీపీ, షుగరు జంటగా వచ్చినప్పుడు మా ఆవిడ మందుల వేళలకి గడియారాన్ని నమ్ముకోలేదు, చెరువుని నమ్ముకుంది. పొద్దున ఆరింటి మేతకి బీపీ బిళ్ళ, సాయంత్రం ఆరింటి మేతకి షుగర్ బిళ్ళ. మేత చల్లి, గట్టు పక్కనే ఉన్న ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని బిళ్ళ మింగితే పది నిమిషాల్లో కంచం ముందుంటుంది. నాలుగేళ్ళలో ఒక్క పూట తప్పలేదు.

అలాంటి నన్ను మేత కంపెనీ వాళ్ళు స్పెయిన్ తీసుకెళ్తామన్నారు. ఎక్కువ మేత కొన్న రైతులకి బహుమానమట. తిన్నది రొయ్యలు, విమానం ఎక్కేది నేను.

"బందరు వెళ్ళి డాక్టరు గారిని ఓ మాట అడిగి రండి," అంది మా ఆవిడ.

"అడిగితే ఇంకో రెండు టెస్టులు రాస్తారు. మనకి తెలీదా ఏంటి?"

మాకు తెలిసిందల్లా అక్కడి టైం మనకంటే మూడున్నర గంటలు వెనక అని. ఒళ్ళు అలవాటు పడింది మన టైంకి కాబట్టి బిళ్ళ కూడా మన టైంకే పడాలని ఇద్దరం తీర్మానించేశాం. నేను లేనన్నాళ్ళూ చెరువులు చూసేది నా బావమరిది. వాడు మేత వేయగానే ఫోన్లో వాయిస్ మెసేజ్ పెడతాడు, అది విని నేను బిళ్ళ వేసుకుంటాను. ఇంత చక్కటి ఏర్పాటు ఏ పెద్దాసుపత్రిలోనూ ఉండదని మురిసిపోయాం.

మందులూ, డాక్టరు చీటీ చేతిసంచిలోనే పెట్టుకున్నాను. అంతవరకూ బుద్ధిమంతుణ్ణే. కాకపోతే బిళ్ళలు పోసిన డబ్బా చెరువు మందుది, దాని మీద మీసాలు పెంచిన రొయ్య బొమ్మ. విమానాశ్రయంలో ఆఫీసరు ఆ బొమ్మనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. చీటీ చూపించాకే వదిలాడు.

స్పెయిన్లో నా గదిలో ఉన్నాయన గుడివాడలో మేత వ్యాపారి. చుట్టరికం ఏమీ లేదు గానీ, విమానం ఎక్కేలోపే మావయ్యా అల్లుడూ అయిపోయాం.

మొదటి రోజు మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్ మోగింది. "బావా, సాయంత్రం మేత పడింది. నువ్వూ వేసెయ్." వెనకాల చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు వింటుంటే ఇంట్లో ఉన్నట్టే అనిపించి గుటుక్కున మింగేశాను. మింగాక గుర్తొచ్చింది, కంచం పెట్టే మనిషి కృత్తివెన్నులోనే ఉండిపోయిందని. పన్నెండింటికి తిన్న రెండు బ్రెడ్డు ముక్కలు ఎప్పుడో అరిగిపోయాయి. రాత్రి భోజనం ఎప్పుడని గైడుని అడిగితే తొమ్మిదింటికన్నాడు. ఆ దేశంలో అది పెందరాళే తినడమట.

నాలుగింటికి చేపల మార్కెట్ చూపించడానికి తీసుకెళ్ళారు. ఐసు మీద రొయ్యలు పోసి ఉన్నాయి. రొయ్యని చూడగానే కేజీకి ఎన్ని తూగుతాయో చెప్పడం మాకు వెన్నతో పెట్టిన విద్య.

"ఇది ఎంత కౌంటు అల్లుడూ?" అన్నాడు మావయ్య.

నోరు తెరిచాను, మాట రాలేదు. చేతులు వణికాయి. చొక్కా తడిసి ముద్దయింది. రొయ్యలు రెండేసి కనబడుతున్నాయి.

"రేటు చూసి కళ్ళు తిరిగాయా? మనవి కావులే, ఊరుకో." ఇంకా ఏదో అనబోయి నా మొహం చూసి ఆపేశాడు. "ఒరేయ్, షుగర్ పడిపోయిందిరా నీకు! మా ఇంట్లో చూశాను ఇది. కూర్చో ముందు!"

ఐసు పెట్టెల పక్కన కూలబడ్డాను. నిజం చెప్పొద్దూ, భయమేసింది. పరాయి దేశంలో రొయ్యల మధ్య పోయానని తెలిస్తే మా ఊళ్ళో జోకులే జోకులు. తిరిగి అంటించడానికి నేనుండను.

మావయ్య పక్క కొట్లోంచి నారింజ రసం తెచ్చి గటగటా తాగించాడు. సంచిలోంచి బందరు లడ్డు తీసి నోట్లో కుక్కాడు. మా ఆవిడ నాలుగేళ్ళుగా వాసన కూడా చూడనివ్వని లడ్డు అది. పావుగంటకి రొయ్యలు ఒక్కొక్కటిగా కనబడ్డాయి.

"ముప్పై కౌంటు," అన్నాను.

"వచ్చాడ్రా మనవాడు!" అంటూ ఆయన ఇంకో లడ్డు తీశాడు, ఈసారి తన కోసం.

వెంటనే బందరు డాక్టరు గారికి ఫోన్ చేయించాడు. ఆయనకీ దివిసీమలో, పాలకాయతిప్ప వెళ్ళే దారిలో ఒక చెరువుంది. మా వైపు డాక్టరైనా ప్లీడరైనా ఉప్పునీళ్ళలో ఓ కాలు పెట్టాల్సిందే.

"బిళ్ళ ఎప్పుడు వేసుకున్నావయ్యా?"

"ఆరింటికండీ."

"అక్కడ ఇంకా ఐదన్నా కాలేదు కదా?"

"మన ఆరింటికండీ. సాయంత్రం మేతకి."

"చెరువులో మేత ఏం చూసి వేస్తావు?"

"చెక్ ట్రే చూసండీ."

అడుగున వల ఉన్న పళ్ళెం అది. కాస్త మేత వేసి నీళ్ళలోకి దింపి, రెండు గంటలాగి పైకి లాగితే రొయ్యలు తిన్నాయో లేదో తెలుస్తుంది. అది చూడకుండా గడియారం చూసి మేత చల్లేవాళ్ళని నేను గట్టు మీద నిలబెట్టి మరీ తిడతాను.

"మరి రొయ్యకున్న మర్యాద నీ పొట్టకి లేదా? ఈ బిళ్ళ టైంది కాదయ్యా, తిండిది. ఇప్పుడే వెళ్ళి ఏదైనా తిను. ఇవాళ్టికి ఇంక బిళ్ళ వద్దు. రేపట్నించి అక్కడి రాత్రి భోజనం నీ ముందుకొచ్చాకే వేసుకో. వెళ్ళేముందు ఓ మాట అడగొచ్చుగా?"

"టెస్టులు రాస్తారేమోనని..."

"వచ్చాక రాస్తాను."

రాశారు కూడా. దాంతో ఆగకుండా, ఆరోజు ఫోన్లో మావయ్య చెప్పిన లడ్డు సంగతి మా ఆవిడకి చెప్పేశారు.

ఇంటికొచ్చిన సాయంత్రం గట్టు మీంచి బావమరిది కేకేశాడు, "బావా, మేత పడింది!" నా చెయ్యి దానంతటదే డబ్బా మీదకి వెళ్ళింది. మా ఆవిడ గరిటెతో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"అన్నం ఇంకా వార్చలేదు. కూర్చోండి."

కూర్చున్నాను. అవతల రొయ్యలు తింటున్నాయి.