పిండి చేతులు

పట్టపగలు వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతున్న ఆయన్ని కిటికీలోంచి చూసినవాళ్లు, పాపం ఉద్యోగం ఊడినట్టుందనుకుంటారు. నిజానికి ఆయన పనిలోనే ఉన్నాడు. ఇంట్లో కూర్చుని షేర్ మార్కెట్లో ఆప్షన్లు కొని అమ్మడం ఆయన పని. ఏదైనా కొన్న మరుక్షణమే, ధర ఇంతకు పడితే దానంతటదే అమ్ముడైపోయేలా కంప్యూటర్లో స్టాప్‌లాస్ పెట్టేస్తాడు. ఆపైన చొక్కా చేతులు మడిచి పిండిలో చేతులు పెడతాడు. తెర కనిపిస్తూనే ఉంటుంది కానీ, వేళ్ల నిండా పిండితో మౌసు ముట్టుకోలేడు. ఒకప్పుడు "కాస్త ఆగితే లేస్తుందిలే" అని ఆ స్టాప్‌లాస్‌ని కిందికి జరిపి, ఇంకా జరిపి, ఇల్లు కొనడానికి దాచిందంతా ఊడ్చిపెట్టాడు. అప్పుడు భార్య ఒక్క మాటా అనలేదు. ఆ అనకపోవడమే ఇప్పటికీ గుచ్చుతుంది. లాభం వచ్చిన రోజు పిండిని పైపైన కలిపి వదిలేస్తాడు. ఆ రొట్టెలు నమల్లేక ఇంటిల్లిపాదికీ దవడలు నొప్పెడతాయి.

మొన్న ధర జారుతూ జారుతూ స్టాప్‌లాస్ దగ్గరికొచ్చింది. పక్కగదిలో చదువుకుంటున్న కూతురు వచ్చి తెరలోకి తొంగిచూసి, "నాన్నా, పడిపోతోంది. నేను కొంచెం కిందికి జరపనా?" అంది. పిసికే చేతులు ఆగిపోయాయి. "వద్దమ్మా, ముట్టుకోకు," అన్నాడు. నష్టానికే అమ్ముడైపోయింది. ఆ వెంటనే, వెక్కిరించినట్టు, ధర పైకి లేచింది. ఆయన పళ్లు బిగించి, పిండి మీద ఇన్ని నీళ్లు చిలకరించి మళ్లీ పిసకడం మొదలుపెట్టాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన భార్య రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. "దూదిలా ఉంది. ఎంత పోయిందేం?" అంది. చెప్పాడు.

"అంతేనా?" అని ఇంకో రొట్టె వేసుకుంది.