గురువారం ఏడున్నరకు రెండో ఫేజు

2023 ఫిబ్రవరి. జహీరాబాద్‌లో ఇళ్ళకు ఇంటర్నెట్ ఇచ్చే పని పెట్టుకుని అప్పటికి పదకొండేళ్ళు. అంతకుముందు కేబుల్ టీవీ వైర్లు లాగేవాణ్ణి. ఈ ఊళ్ళో ఏ గోడలో ఏముందో కట్టిన మేస్త్రీ కంటే నాకే ఎక్కువ తెలుసని ఒక పొగరు ఉండేది. ఆ పొగరు దిగిన సంగతి ఇది.

మా వైపు పాత ఇళ్ళు ఎర్రరాయితో కట్టినవి. ఎండాకాలం లోపల చల్లగా ఉంటుందని అందరూ మురిసిపోతారు గానీ ఆ గోడల మందం వైఫైకి శత్రువు. ఒక గోడ దాటేసరికి సిగ్నల్ సగం అవుతుంది, రెండో గోడకు చేతులెత్తేస్తుంది. పోనీ బయటి నుంచి వైరు వేద్దామంటే కోతులు. పొద్దున కట్టిన కేబుల్‌ను మధ్యాహ్నానికి ఊయల చేసుకుంటాయి.

మూర్తి గారి ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. ఆయన ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో టూల్ రూమ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. గోదావరి వైపు మనిషి. ముప్పై ఏళ్ళుగా జహీరాబాద్‌లో ఉన్నా మాట ఇంకా గోదావరి దాటి రాలేదు. కూతురు విజయ మొగుడంపల్లిలో టీచరు, తండ్రితోనే ఉంటుంది. రౌటరు కింద హాల్లో, ఆయన యాంప్లిఫయరు మేడ మీద గదిలో. ఆ యాంప్లిఫయరు నెట్ ద్వారా నేరుగా రేడియో స్టేషన్లను పట్టే రకం. కానీ వెనక వైరు గుచ్చే లాన్ పోర్టు ఒక్కటే ఉంది, వైఫై లేదు. నేను బయటి గోడ మీదుగా వేసిన కేబుల్‌ను కోతులు రెండో రోజే తెంపేశాయి.

నాకు చిరాకేసింది. రేడియో కోసం ఇంత అవస్థ ఎందుకు సార్, ఫోన్‌ల యాప్ పెట్టిస్త, హాయిగ వినండి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, కూర్చోమని చెప్పి అప్పుడు విషయం చెప్పారు.

ఆయన భార్య పెళ్ళికి ముందు నుంచీ వాళ్ళ వైపు రేడియో కేంద్రంలో అనౌన్సరు. స్త్రీల కార్యక్రమం ఆవిడే చేసేవారు. ఆయనకు ఇక్కడ ఉద్యోగం రావడంతో అది మానుకుని వచ్చేశారు. వచ్చిన రెండేళ్ళకే జబ్బు చేసి పోయారు. అప్పటికి విజయకు ఏడాదిన్నర. ఇంట్లో ఫోటోలు ఉన్నాయి, చీరలు ఉన్నాయి, ఉత్తరాలు ఉన్నాయి. గొంతు మాత్రం ఒక్క క్యాసెట్‌లో కూడా లేదు. రోజూ రేడియోలో వచ్చే గొంతును ఎవరు రికార్డు చేసుకుంటారు? స్పీకర్లు స్వయంగా బిగించుకునే మనిషికి ఆ ఆలోచనే రాలేదట. ఇప్పుడు ఆ కేంద్రం గురువారం గురువారం పొద్దున ఏడున్నరకు పాత రికార్డింగులు వేస్తోంది. ఏ వారం ఎవరిది వేస్తారో ముందుగా చెప్పరు.

"ఫోన్లో అన్ని గొంతులూ ఒకేలా ఉంటాయండీ శివరాజ్ గారూ. ఆవిడది కాస్త మంద్రంగా ఉండేది. ఇరవై ఎనిమిదేళ్ళయింది కదండీ, ఫోన్లో వింటే నేను గుర్తుపట్టలేనేమోనని భయం," అన్నారు.

ఆ గదిలో మోకాలెత్తు స్పీకర్లు రెండు ఉన్నాయి. టేకు పెట్టెలు, ఆయన చేత్తో చేసినవి. ఆవిడ మాట మొదట విన్నది వాటిలోనేనట. నేనింక ఫోన్ మాట ఎత్తలేదు.

మెట్ల మలుపులో ఒక వైఫై డబ్బా పెడితే పని అవుతుంది. కానీ అక్కడ ప్లగ్గు లేదు, గోడ తొలిచి పాయింటు లాగాలి. అదంతా ఎవరు చేస్తారని నేను తేలిక దారి పట్టాను. పవర్‌లైన్ అడాప్టర్లని ఒక జత వస్తుంది. ఇంట్లో ఉన్న కరెంటు తీగలనే నెట్ తీగలుగా వాడుకుంటాయి. ఒకటి కింద రౌటరు పక్క ప్లగ్గులో, రెండోది మేడ మీద ప్లగ్గులో. కొత్త వైరు అక్కర్లేదు, కోతులకు పని లేదు. పదకొండు గంటలకు పెట్టి, అరగంట పాట వినిపించి, మూర్తి గారిచ్చిన కాఫీ తాగి, గర్వంగా బండెక్కాను. ఆయన కూడా ఎంత సంతోషించారంటే గేటు దాకా వచ్చి సాగనంపారు.

ఏడు గురువారాలు బాగానే నడిచింది. ఎవరెవరివో గొంతులు వచ్చాయి, ఆవిడది రాలేదు. ఎనిమిదో గురువారం పొద్దున విజయ ఫోన్ చేసింది. జల్దీ రా అన్నా అని మాత్రం చెప్పి పెట్టేసింది.

వెళ్ళేసరికి మూర్తి గారు యాంప్లిఫయరు ముందు కుర్చీలో ఉన్నారు. జరిగింది ఆయనే చెప్పారు. ఆ రోజు స్త్రీల కార్యక్రమం అని ప్రకటించారట. ముందు సంగీతం వచ్చింది. తర్వాత ఒక ఆడగొంతు "అక్కయ్యలకు, చెల్లె" అంది. అంతే, ఆగిపోయింది. కింద మీద పడి చివరికి ఫోన్లో పట్టేసరికి కార్యక్రమం అయిపోయి వార్తలు వస్తున్నాయి.

"ఆవిడేనేమోనండీ. ఒక్క మాటకి ఎలా చెప్పను?" అన్నారు. కోప్పడి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

తప్పు దొరకడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. మా ఊళ్ళో చాలా ఇళ్ళకు మూడు ఫేజుల కరెంటు ఉంటుంది, అంటే వేర్వేరు మూడు లైన్లు. ఒకదాంట్లో వోల్టేజీ పడిపోతే ఇంకోదానికి మారడానికి మీటరు దగ్గర తిప్పుడు స్విచ్చులు ఉంటాయి. పవర్‌లైన్ జత రెండూ ఒకే ఫేజు మీద ఉంటేనే ఒకదాని మాట ఒకదానికి అందుతుంది. ఎండలు ముదిరాయని ఆ వారం నల్లా నీళ్ళ టైము పొద్దున ఏడుకు మార్చారు. నల్లా రాగానే వీధి వీధంతా మోటార్లు వేస్తారు, వోల్టేజీ పడిపోతుంది. మోటారు గుంజడం లేదని ఎవరో రౌటరున్న కింది భాగం స్విచ్చును రెండో ఫేజు నుంచి మూడోదానికి తిప్పారు. మేడ గది రెండులోనే ఉండిపోయింది.

నేను మీటరు దగ్గర నిలబడి ఇదంతా వివరిస్తుంటే విజయ స్విచ్చు వైపు చూస్తూ నిలబడిపోయింది.

"నేనే తిప్పిన అన్నా," అంది. "మా అమ్మ గొంతు నేను ఎన్నడు ఇనలే. ఇనే రోజు నా చేతుల్తోనే బంద్ చేసిన."

నీ తప్పు కాదమ్మా, నాదని చెప్పాను. నిజంగా నాదే. ఏడున్నరకు కావలసిన దాన్ని పదకొండింటికి పరీక్ష చేసి పోయాను. ఆ టైముకు ఆ ఇంట్లో ఎవరు ఏం చేస్తారో అడగనేలేదు. ఆమె తల ఊపింది గానీ నమ్మలేదు.

మర్నాడే ఎలక్ట్రీషియన్ను పిలిచి మెట్ల మలుపులో గోడ తొలిపించాను. మెష్ అని, ఒకదాని నుంచి ఒకటి సిగ్నల్ అందుకుని ముందుకు పంపే డబ్బాలు మూడు పెట్టాను. మేడ మీద డబ్బాకు లాన్ పోర్టు ఉంది, అక్కడి నుంచి మూరెడు వైరుతో యాంప్లిఫయరుకు కలిపాను. డబ్బాలు, యాంప్లిఫయరు అన్నీ ఇన్వర్టరు మీదకు మార్చాను. నల్లా రోజు పొద్దున వచ్చి, మోటారు వేయించి, మూడు స్విచ్చులూ అటూ ఇటూ తిప్పి చూశాను. పాట ఆగలేదు.

మూర్తి గారు రేడియో కేంద్రానికి ఉత్తరం రాశారు. మర్యాదగా జవాబు వచ్చింది. ఆ టేపు మీద అనౌన్సరు పేరు లేదని, వరుసలో మళ్ళీ వేస్తామని, ఎప్పుడో చెప్పలేమని. అప్పటి నుంచి గురువారం పొద్దున షాపు తెరవడానికి ముందు నేను కూడా ఆ మేడ గదికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఎవరూ రమ్మనలేదు. పోకుండా ఉండలేకపోయేవాణ్ణి. విజయ ఆ రోజుల్లో హెడ్మాస్టరును అడిగి గంట ఆలస్యంగా బడికి పోయేది. ముగ్గురం కూర్చుని ఎవరెవరి అమ్మలవో గొంతులు వినేవాళ్ళం.

అక్టోబరులో ఆ కార్యక్రమం మళ్ళీ వచ్చింది. అదే సంగీతం. "అక్కయ్యలకు, చెల్లెమ్మలకు నమస్కారం." ఈసారి ఆగలేదు. పెరట్లో పాదులు ఎలా పెంచుకోవాలో ఆ గొంతు పదిహేను నిమిషాలు చెప్పింది. బీరపాదుకు బూడిద ఎప్పుడు చల్లాలో చెబుతుంటే విజయ చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను మూర్తి గారి ముఖం చూసే ధైర్యం లేక డబ్బా మీద నీలం దీపాన్నే చూస్తూ కూర్చున్నాను.

అంతా అయిపోయాక ఆయన లేచి వాల్యూమ్ తగ్గించారు.

"మీ అమ్మ కాదమ్మా," అన్నారు.

విజయ చున్నీ నోటి మీద నుంచి తీసింది. ఎప్పుడు తెలిసిందని అడిగింది. పలకరింపు పూర్తవగానే అన్నారు, పోయినసారి అది సగంలోనే తెగిందని. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు అంత ఇదిగా వింటుంటే మధ్యలో ఎలా చెప్పనే తల్లీ," అన్నారు.

ఆరు నెలలు మోసిన తప్పు నా మీద నుంచి దిగిపోయింది. నేను తెంపింది ఆవిడ మాట కాదు. ఊపిరి పీల్చుకోవాలి నిజానికి. కానీ ఆ తప్పు నాదే అయినా బాగుండేది, ఆ గొంతు ఆవిడదే అయినా బాగుండేది అని ఎంతగా అనిపించిందో చెప్పలేను.

మూర్తి గారి ముఖంలో మాత్రం ఏదో వెలుగు. "చూశారా శివరాజ్ గారూ, మర్చిపోలేదండి నేను. కాదని వెంటనే తెలిసిపోయింది," అన్నారు.

విజయ కళ్ళు తుడుచుకుని, అమ్మ ఎట్లా అనేదో చెప్పు నాన్నా అంది. ఆయన గొంతు తగ్గించి, అక్కయ్యలకు అన్నారు. కొంచెం ఆగారు, ఎవరో వచ్చి కూర్చునే దాకా ఆగినట్టు. తర్వాత మెల్లగా, చెల్లెమ్మలకు అన్నారు. విజయ మళ్ళీ అనమంది. ఆయన మళ్ళీ అన్నారు. ఆ రోజు ఆమె బడికి పోలేదు.

ఇప్పుడు ఏ ఇంటికి పోయినా టీవీ ఎన్ని అంగుళాలు, స్పీడు ఎంత కావాలి అని నేను మొదట అడగను. ఏం చూస్తారు, ఏ టైముకు, ఆ టైముకు ఇంట్లో ఏమేం నడుస్తాయి అని అడుగుతాను. ఆ టైముకే మళ్ళీ వచ్చి పరీక్ష చేస్తాను. మా వాళ్ళు చాదస్తం అంటారు, అననీ.

గురువారాలు ఇప్పటికీ వెళ్తున్నాను. ఆవిడ గొంతు ఇంకా రాలేదు. నేనెప్పుడూ వినలేదు గానీ, వస్తే మొదటి మాట తర్వాత ఆగే ఆ కొంచెం దగ్గరే నాకూ తెలిసిపోతుంది.