కొచ్చి వీధిలో మా మంద కేక

నా గొంతు పుట్టుకతోనే గరుకు. మొరం రోడ్డు మీద రేకు ఈడ్చినట్టు ఉంటుందని మా అమ్మే అనేది. దానికి తోడు కాపురానికి వచ్చిన నాటి నుంచి గొర్రెల వెంట తిరిగి, అరిచీ అరిచీ ఇంకా మొద్దుబారింది. నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే నా కూతురు ఫోన్‌లో పట్టి, తర్వాత కాగితం మీద పెడుతోంది. తన గురించి చెప్పిన చోట తప్పకుండా ఏదో ఒకటి మింగేస్తుందని నాకు తెలుసు. ఈ ముక్క కూడా రాయి బిడ్డా, వదలకు.

మాది కోదాడ దగ్గర చిలుకూరు వైపు పల్లె. కూతురు సూర్యాపేటలో ఒక దవాఖానలో నర్సు. ముంబైలో ఓడ ఎక్కి, సముద్రం మీద కొచ్చికి, అక్కడి నుంచి గోవాకి, మళ్లీ ముంబైకి వచ్చే యాత్రకు భార్యాభర్తలిద్దరూ పోదామనుకున్నారు. అల్లుడు పనిచేసేది మిర్యాలగూడ రైసు మిల్లులో. సరిగ్గా అప్పుడే వడ్ల లారీలు వచ్చి పడ్డాయి, సెలవు దొరకలేదు. అలా నా రాత తిరిగింది. గదిలో ముగ్గురు పడతారంటే నా ఆడబిడ్డను కూడా పిలుద్దామన్నాను.

ఆడబిడ్డ అంటే నా భర్త చెల్లెలు. మాడుగులపల్లిలో ఉంటుంది, నాలాగే భర్త లేని మనిషి. నేను కోడలిగా వచ్చిన కొత్తలో తనకింకా పెళ్లి కాలేదు. ఇద్దరం కలిసే గొర్రెల వెంట పోయేవాళ్లం. మా ఇంటి కేక నాకు నేర్పింది తనే.

గొర్రెలు కాసే ఇంటింటికీ ఒక కేక ఉంటుంది. నాలుగు మందలు ఒకే కుంట దగ్గర నీళ్లు తాగి కలిసిపోయినా, ఎవరి కేక వాళ్లు వేస్తే ఎవరి గొర్రెలు వాళ్ల వెంట నడుస్తాయి. మా కేక కడుపులో నుంచి 'హూఊ' అని లేచి, మధ్యలో గుటక వేసినంత సేపు ఆగి, నాలుక మీద 'ట్ర్ర్ర్' అని తిరిగి, 'హోయ్' అని పడుతుంది. ఆ మధ్యలో ఆగడం ఇంకెవరికీ లేదు. నా భర్త గుట్టకు ఆ పక్క నుంచి వేస్తే నేను ఈ పక్క నుంచి బదులు వేసేదాన్ని. ఆయన పోయాక మందను అమ్మేశాం. ఆ కేకతో మళ్లీ పని పడలేదు.

ముగ్గురం సూర్యాపేట బస్టాండులో కలుసుకున్నాం. హైదరాబాదు బస్సు ఎక్కామో లేదో కూతురు నా చెవి దగ్గరికి వంగింది.

"అమ్మా, ఓడల జర మెల్లగ మాట్లాడు. యాడాడోళ్లో వస్తరు. నువ్వు నోరు తెరిస్తే కొట్లాట అయితున్నదనుకుంటరు."

"సరే బిడ్డా. నోరు కట్టేసుకుంట."

మాటైతే ఇచ్చాను గానీ, ఆడబిడ్డకు చెవులు సరిగా వినపడవు. కొడుకు చెవి మిషన్ కొనిచ్చాడు. పెట్టుకుంటే ఈగల మోత తప్ప మాట వినపడదని డబ్బాలోనే ఉంచుతుంది. ఇక ఓడలో నేను చేతులతో సైగలు చేయడం, తను కళ్లు పెద్దవి చేసి చూడడం. ముంబైలో మొదటిసారి ఓడ చూసినప్పుడు తను మాత్రం గొంతు దాచుకోలేదు.

"వదినా, గిది పడవ కాదు! సూర్యాపేట బస్టాండు తెచ్చి నీళ్ల మీద పెట్టిండ్రు!"

నిజంగానే అంత ఉంది. అంతస్తు మీద అంతస్తు, లోపల లిఫ్టులు, మెత్తటి తివాచీలు. సాయంత్రం ఓడ కదిలితే ముంబై మేడలన్నీ వెనక్కి జరుగుతూ, చివరికి వరికుప్పలంత అయ్యాయి. గేట్లెత్తినప్పుడు సాగర్ చూశాను గనక నీళ్లంటే నాకు తెలుసనుకున్నాను. ఏమీ తెలియదు. సాగర్‌కు అవతలి గట్టు ఉంది. దీనికి లేదు.

మర్నాడంతా ఎడమ చేతి వైపు తీరం కనిపిస్తూనే ఉంది. ఎర్రటి కొండలు గొడ్డలితో నరికినట్టు నిలువుగా నీళ్లలోకి దిగాయి. వాటి కాళ్ల దగ్గర అలలు విరిగి తెల్లగా లేస్తున్నాయి. ఒకచోట నడి నీళ్లలో రాతి మీద పాత కోట, దాని బురుజుల చుట్టూ పక్షులు. అందరూ ఫోటోలు తీస్తున్నారు. ఆడబిడ్డ కటకటాలు పట్టుకుని ఆ కొండలనే చూస్తోంది. బాగా చూసి నా వైపు తిరిగింది.

"అంత గడ్డి వదినా! ఒక్క గొర్రె లేదు. ఎంత గడ్డి ఖరాబైతున్నదో సూడు!"

నేను నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఏంది నువ్వు? ఓడెక్కినంక నీ నోరు యాడ పోయింది? సముద్రంల పడ్డదా?" అని తను, ఓడంతా వినిపించేటట్టు.

నా కూతురు కుర్చీలో ముడుచుకుపోయింది. కట్టేయాల్సింది ఎవరి నోరో దానికి అప్పుడు తెలిసింది.

కొచ్చిలోకి ఓడ పోవడం మాత్రం నేను చచ్చేదాకా మరిచిపోను. సముద్రం సన్నని దారి అయిపోయి, రెండు పక్కలా ఊరు, కొబ్బరి చెట్లు, చేతికి అందేటంత దగ్గరగా ఇళ్ల పెంకులు. ఒడ్డు వెంబడి పెద్ద పెద్ద దుంగలకు వలలు కట్టి, బావి దగ్గర ఏతం వంచినట్టు వంచి నీళ్లలో ముంచి లేపుతున్నారు. "చేపలకు ఏతం పెట్టిండ్రు!" అంది ఆడబిడ్డ. మేం చిన్నప్పుడు తొక్కిన ఏతం ఇంత దూరంలో కనపడేసరికి ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

సాయంత్రం నాలుగింటికల్లా తిరిగి ఓడలో ఉండాలి, ఆలస్యమైతే ఓడ ఆగదు అని చెప్పి దింపారు. ఆటోలో పాత ఊరికి పోయాం. పెద్ద చెట్ల నీడ, పాత గోడలు, గాలిలో మిరియాల వాసన. ఆ వీధుల్లో ఎక్కడ చూసినా మేకలే. కాపరి లేడు, కర్ర లేదు. కార్ల మధ్యలో నుంచి పెత్తనం చేస్తున్నట్టు నడుస్తున్నాయి.

"ఎవలయి గీ మేకలు? కాపరేడి?" ఆడబిడ్డకు అదే పరేషాన్. "గా నల్లది సూడు వదినా, నిండు సూడిది, ఇయ్యాలో రేపో ఈనేటట్టున్నది. గిట్ల రోడ్డు మీద ఇడుస్తరా ఎవలన్న?"

కూతురు యాలకులు బేరం చేస్తోంది. నేను వాసన చూసి చెబుతున్నాను. వెనక్కి తిరిగితే ఆడబిడ్డ లేదు.

ముందు పక్క దుకాణం చూశాం. తర్వాత చర్చి, తర్వాత ఆటోలు ఆగే చోటు. తన ఫోను కూతురి సంచిలోనే ఉంది. దాని పక్కనే చెవి మిషన్ డబ్బా. కూతురు "అత్తమ్మా, అత్తమ్మా" అని పిలుస్తోంది, దవాఖానలో నిద్రపోయే రోగుల పక్కన పిలిచినట్టు. హారన్ల మోతలో ఆ పిలుపు నాకే వినపడడం లేదు. తిరిగి తిరిగి మళ్లీ యాలకుల దుకాణం దగ్గరికే వచ్చాం. కూతురు గడియారం చూసుకుంది.

"ఓడ పోతదమ్మా. అత్తమ్మను ఇడిచిపెట్టి ఎట్ల పోతం? భాష రాదు, చెవులు ఇనరావు. ఎవల్ని ఏమని అడుగుతది?"

అప్పుడు చూశాను. మేకలూ లేవు. వీధి చివర మూడు సందులు. మూడింటిలో ఏదో ఒక దాంట్లోకి నల్ల మేక పోయింది. దాని వెంట మా మనిషి పోయింది. కానీ ఏ సందు?

"బిడ్డా, పిలువనా?" అన్నాను.

అది నా ముఖం చూసింది. చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. కళ్లు తుడుచుకుంది.

"పిలువమ్మా. గట్టిగ పిలువు."

మూడు సందులూ కలిసే చోట నిలబడ్డాను. చెప్పులు విడిచాను, ఎందుకో అలా అలవాటు. కేక వేశాను. ఎన్నో ఏళ్లు కడుపులో పడి ఉన్నది కదా, నాకే కొత్తగా వినిపించింది. ఫోటోలు తీసుకునేవాళ్లు ఫోన్లు దించారు. మేడ మీద ఒకాయన కిటికీ తెరిచాడు. గోడ వారన పడుకున్న కుక్క లేచి పోయింది. బదులు లేదు.

ఇంకోసారి వేశాను. మధ్యలో గుటక వేసినంత సేపు ఆగి, మళ్లీ అందుకుని.

నడిమి సందులో నుంచి, ఏదో గోడ అవతల నుంచి, సన్నగా బదులు వచ్చింది. మా కేకే. అదే చోట ఆగింది, అదే చోట లేచింది. నా భర్త పోయాక ఆ బదులు వినడం అదే మొదటిసారి. నేను నవ్వుతూనే ఉన్నాను, కళ్లలో నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాను. వెనక కూతురు నా చెప్పులు పట్టుకుని పరిగెత్తింది.

ఒక ఇంటి పెరట్లో ఆడబిడ్డ కింద కూర్చుని ఉంది. ఒళ్లో తడి మేకపిల్ల. నల్ల మేక రెండో పిల్లను నాకుతోంది. పక్కన ఆ ఇంటి ముసలామె, తలమీద తెల్ల గుడ్డ కప్పుకుని, టీ గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆమె తన భాషలో ఏదో చెబుతోంది, మా మనిషి మన భాషలో "అవునవును, పాలు మంచిగనే ఉంటయి" అంటోంది.

"ఎందుకట్ల మొత్తుకుంటున్నవు వదినా?" అంది నన్ను చూసి. "గీడనే ఉన్న గద. నీ గొంతు సముద్రంల పడ్డదనుకున్న, దొరికిందా?"

"ఓ పిల్లా, ఓడ పోతున్నదే!"

"పోతే పోనీ. జంట పిల్లలు!"

కూతురు తిట్టబోయి, మేకపిల్లను చూసి, తిట్టడం మరిచిపోయింది. ముసలామె మా ముగ్గురి బుగ్గలూ నిమిరింది. ఆటోలో పడి వచ్చేసరికి ఓడ మెట్ల దగ్గర మేమే చివరివాళ్లం. అక్కడ నిలబడిన అమ్మాయి ఆడబిడ్డ చీర మీది మరకలు చూసి పక్కకు జరిగి దారిచ్చింది.

దారిలో అడిగాను, ఇంత పిలిస్తే వినపడనిది కేక ఎట్లా వినపడిందని. కూతురే చెప్పింది: వయసు మళ్లిన చెవికి సన్నని గొంతులు ముందు పోతాయట, మోటు గొంతులు నిలుస్తాయట. నా గొంతు మోటుదని దవాఖాన మనిషే ఒప్పుకుంది.

మర్నాడు గోవా దిక్కుగా పోతుంటే మళ్లీ కొండలు వచ్చాయి. ఒక కొండ కొమ్మున తెల్లటి దీపస్తంభం, కింద ఎర్రటి రాయి, దాని మీద ఎండ. కూతురు నా పక్కకు వచ్చి నిలబడింది.

"అమ్మా, నాకు నేర్పు."

నేర్పాను. చదువుకునే రోజుల్లో మంద దగ్గరికి రమ్మంటే ముక్కు మూసుకున్న పిల్ల అది. మొదటిసారి పిల్లికూన అరిచినట్టు వచ్చింది. పక్క కుర్చీలవాళ్లు నవ్వారు. ఆడబిడ్డ తల కూడా తిప్పలేదు. కడుపులో నుంచి తీయాలని దాని పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించాను. గోవా రేవు వచ్చేదాకా తీస్తూనే ఉంది, ఓడలో ఎవరూ కొట్లాట అనుకోలేదు.

మళ్లీ సూర్యాపేట బస్టాండుకు వచ్చాం. ఆడబిడ్డ మిర్యాలగూడ బస్సు ఎక్కి కూర్చుంది. బస్సు కదిలాక కూతురు సంచి తడుముకుని గుండె మీద చెయ్యి వేసుకుంది. అత్తమ్మ ఫోను, చెవి మిషన్ డబ్బా దాని దగ్గరే ఉండిపోయాయి. బస్సు మలుపు దగ్గరికి పోతోంది. నేను నోరు తెరవబోయాను.

అంతకంటే ముందే నా కూతురు, అంత జనంలో, తెలిసిన రోగులే ఎందరో తిరిగే ఆ బస్టాండులో, కేక వేసింది. మధ్యలో ఆగింది, లేచింది, పడింది.

కిటికీలో నుంచి ఒక తల బయటికి వచ్చింది. కండక్టరు విజిలు ఊదాడు. బస్సు ఆగింది. కూతురు పరిగెత్తి సామాను అందించింది.

ఆడబిడ్డ దాన్ని ఎగాదిగా చూసింది.

"గొంతు ఇంక సన్నగనే ఉన్నది బిడ్డా. రొండు నెలలు మేకలు కాస్తే దారికొస్తది."

అని, నా వైపు తిరిగి, కిటికీలో నుంచే బదులు కేక వేసింది. బస్సులోవాళ్లంతా చెవులు మూసుకున్నారు.