తాత ఆడని ఆట

కొత్త ఫోన్‌లోకి పాత ఫైళ్ళు మారుస్తుంటే 'తాత స్కోర్లు' అనే పట్టిక బయటపడింది. తేదీ, లెవెల్, తప్పులు, పట్టిన సమయం. ఆరు వారాల లెక్క, దాని కింద స్కోరు పెరిగినట్టు పైకి ఎక్కుతూ పోయే గీత. ఆ గీతను చూస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మా తాత బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ప్రతి గురువారం దిల్‌సుఖ్‌నగర్‌లోని మా ఇంటినుంచి ఎల్బీనగర్‌లో ఉండే తన పాత డ్రైవరు దగ్గరికి బస్సులో వెళ్ళేవాడు. మిగిలిన ఆరు రోజులూ ఆ గురువారం కోసమే గడిపేవాడు. ఒకసారి దారి తప్పాక అమ్మ ఇక ఒంటరిగా పంపేది లేదంది. అప్పుడు నేను నా చదువు చూపించాను. వీడియో గేములు ఆడితే పెద్దవాళ్ళ బుర్ర చురుగ్గా ఉంటుందని ఎక్కడో చదివి, మూసిన బొమ్మల్లో జతలు గుర్తుపెట్టుకుని తెరిచే ఆటను ట్యాబ్‌లో ఎక్కించి ఇచ్చాను. ఆరు వారాలు స్కోరు పెరిగితే మళ్ళీ పంపాలని అమ్మతో ఒప్పందం. నేను ఆఫీసులో ఉండే పగటిపూటే ఆట సాగేది. మూడో వారంనుంచి స్కోరు ఆగకుండా పెరిగింది.

"నీ గీతను నమ్మాల్నా, నా కండ్లను నమ్మాల్నా?" అంది అమ్మ. గీతనే నమ్మమన్నాను.

ఆరు వారాలూ నిండాక అమ్మ ఒంటరిగా పంపిన మొదటి గురువారమే తాత ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ దాకా పోయాడు. జేబులో ఉన్న నంబరు చూసి ఆ బస్సు కండక్టరే ఫోన్ చేశాడు. "అన్నా, మీ పెద్దాయన దిగుతలేడు. డ్యూటీ అయిపోలేదంటుండు."

తీసుకొచ్చాక కింది వాటాలో ఉండే గుంటూరు పిన్నిగారు పరామర్శకు వచ్చి, మాటల్లో చల్లగా చెప్పారు. "నాలుగో లెవెల్ నేనే దాటించాను బాబూ. ఎవరొచ్చినా మీ తాతగారు మంచినీళ్ళిచ్చి ట్యాబ్ చేతిలో పెట్టేవారు కదా." పాలవాడు, కరెంటు బిల్లు కొట్టేవాడు, పూలావిడ, అందరూ ఆడారట. తాతను నిలదీశాను. ఆయనకు నా కోపమే అర్థం కాలేదు.

"ఇంటికొచ్చినోళ్ళను కూసోబెట్టి నేనొక్కన్నే ఎట్ల ఆడుకుంటరా?"

ఆరు వారాలు నేను మా వీధి జ్ఞాపకశక్తిని కొలిచాను.

ఇకనుంచి నేనే తీసుకెళ్తానని మాటిచ్చాను. రెండు గురువారాలు తీసుకెళ్ళాను. తర్వాత ఆఫీసు పని పడింది, వచ్చే వారం అన్నాను, ఆ మాటే మరో నెలన్నర అన్నాను. చివరికి సెలవు పెట్టి, చెప్పులు వేసుకుని రమ్మంటే తాత నావైపు వింతగా చూశాడు.

"ఎల్బీనగర్‌ల మనకెవరున్నర్రా?"

ఆయనకు గుర్తున్న గురువారాలు నాకు సెలవు దొరికేదాకా ఆగలేదు.