నా గొంతు తిరిగొచ్చిన పొద్దు

సహోదరీ సహోదరులారా, నాకు పన్నెండేళ్లప్పుడు మందమర్రిలో మా బాపు గని డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, గడప దగ్గరే కుప్పకూలిపోయాడు. అమ్మను మేం అవ్వ అంటాం; ఆ వేళ అవ్వ ఇంట్లో లేదు. పక్కింటివాళ్లను పిలుద్దామని వాకిట్లోకి పరుగెత్తాను గానీ, నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు! ఎవరో చూసి వచ్చేసరికి బాపు ప్రాణం పోయింది. నేను అరిచి ఉంటే బతికేవాడేమో అని లోలోపలే కుమిలిపోతూ, ఆ రోజు నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

గొంతులో ఏ లోపమూ లేదన్నారు డాక్టర్లు. చివరికి అవ్వ నన్ను మంచిర్యాల దగ్గర సిస్టర్లు నడిపే ఆడపిల్లల హైస్కూలుకు తీసుకెళ్లింది.

"మాట్లాడని పిల్లకు సదువెట్ల వస్తది సిస్టర్?" అని ఏడ్చింది.

హాస్టల్ చూసే పెద్ద సిస్టర్ నా తల నిమిరారు. "ఫికర్ జెయ్యకవ్వా. మాట రాకున్నా గీ బిడ్డ మనసు ప్రభువు ఇంటుండు."

ఆ చలికాలం నాకు కలలాగే గుర్తుంది. మంచులో తడిసిన బంతిపూలు, చర్చి రంగుటద్దాల్లోంచి నేల మీదికి జారే ఎర్రని, నీలపు వెలుగు, నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించే పిల్లల జపమాల! సిస్టర్ రోజూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ప్రభువా, ఈ బిడ్డ మోసే బరువు నువ్వే మొయ్యి" అని ప్రార్థించేవారు.

ఒక పొద్దున బడి ఆవరణలోని మరియమాత గుహ దగ్గర, ఆసిఫాబాద్ వైపు నుంచి కొత్తగా వచ్చిన గోండు పిల్ల సోంబాయి ఒంటరిగా ఏడుస్తోంది. పక్కన కూర్చున్నాను. వచ్చీరాని తెలుగులో అడిగింది.

"చెల్లెకు జరమొచ్చింది. నేను నిద్రవోయిన. చెల్లె సచ్చిపోయింది. నా తప్పేనా అక్కా?"

"కాదు! నీ తప్పు గాదు!"

ఎవరన్నారా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అది నా గొంతే! ఆ మాట నా నోటితోనే ఆ పిల్లకే కాదు, నాకూ చెప్పించాడు దేవుడు. సోంబాయిని పట్టుకుని, నా కన్నీళ్లు ఆగేదాకా ఏడ్చాను.

ఆదివారం నన్ను చూడడానికి వచ్చిన అవ్వను గేటు దగ్గరే "అవ్వా!" అని పిలిచాను. చేతిలోని సంచి వదిలేసి, నా ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మల్లొక్కపారి పిలువు బిడ్డా..."

ఎన్నిసార్లు పిలిచానో నాకే తెలియదు!

నేడు అదే బడిలో తెలుగు చెబుతున్నాను, ఈ మహిమంతా నా దేవునిదే. ప్రియులారా, ఎవరికీ చెప్పుకోలేని బరువేదైనా మీలో ఉంటే, మాటలు దొరకకపోయినా సరే, ఆయన ముందు వచ్చి కూర్చోండి. ఆయన వింటాడు.